ముదిమియందు ఎముకలు – మూలుగలోని మూలకణములు

వర్షాకాలమున తడిసిన పెరటిలో ఒక ఇంటి అవ్వయు, ఆమె మనుమడును ఒకే వారములో కాలు జారి పడిరనుకొందము. పదియేండ్ల బాలునికి మణికట్టు వద్ద ఎముక విరిగినది. వైద్యుడు దానిని సరిచేసి పిండికట్టు వేసెను. రెండు నెలలు తిరుగకమునుపే బాలుడు ఆ చేతితోనే గోలీలాడుచుండెను. అవ్వకు తొడ ఎముక మెడ వద్ద విరిగినది. శస్త్రచికిత్స జరిగెను. నెలలు గడచినను ఆమె కర్ర ఊతము లేక గడప దాటలేకపోయెను. పడిన నేల ఒకటే. ఇరువురి ఎముకలును ఒకే సున్నముతో, ఒకే భాస్వరముతో ఏర్పడినవే. అయినను ఒక ఎముక త్వరగా అతికెను. రెండవది అతుకుటకు నెలల తరబడి శ్రమపడెను. ఈ భేదమునకు కారణమేమి?

వయస్సే కారణమని అందరును బదులు చెప్పుదురు. అది నిజమే గాని, ఆ మాట కారణమునకు పేరు మాత్రమే పెట్టుచున్నది. దానిని వివరించుట లేదు. వయస్సు ఎముకలోని ఏ కణములను, ఏ విధముగా మార్చుచున్నది? ఆ మార్పును ఆపవచ్చునా? ఆపలేనిచో ఆలస్యమైనను చేయవచ్చునా? గడచిన అరువది సంవత్సరములుగా శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలకు సమాధానమును ఎముకల మూలుగలో వెదకుచున్నారు. ఈ అన్వేషణ శాస్త్ర కుతూహలముతో ముగియునది కాదు. తుంటి ఎముక విరిగిన వృద్ధులలో సుమారు ఐదుగురికి ఒకరు సంవత్సరము లోపలనే మరణించుచున్నారని అనేక దేశముల ఆసుపత్రుల లెక్కలు తెలుపుచున్నవి. బ్రతికినవారిలో పెక్కుమంది మునుపటివలె తమ పనులు తాము చేసికొనలేక పరాధీనులగుచున్నారు. ఎముక విరుగుట వృద్ధునికి ఒక అవయవమునకు కలిగిన హాని మాత్రమే కాదు. అతని స్వాతంత్ర్యమునకు కలిగిన హాని.

ఎముక సజీవమైనది

ఎముక రాతివంటి జడపదార్థమని సామాన్యముగా భావింతురు. ఇది పొరపాటు. పెరిగిన మనుష్యుని శరీరమునందు 206 ఎముకలు కలవు. అవి యన్నియు రక్తము ప్రవహించు సజీవ భాగములే. ఎముకకు మూల చట్రము కొల్లాజెన్ అను మాంసకృత్తు. ఆ చట్రముపై కాల్షియము, భాస్వరము కలసిన లవణము సన్నని స్ఫటికములుగా పేరుకొనును. మాంసకృత్తు ఎముకకు సాగు గుణమును, లవణము గట్టిదనమును ఇచ్చును. శరీరములోని కాల్షియములో నూటికి 99 పాళ్ళు ఎముకలలోను, పండ్లలోను నిలువయుండును. భాస్వరములో అధిక భాగమును అచ్చటనే యుండును. రక్తమునందలి భాస్వరమును కొలుచుటకు సులభమైన పద్ధతిని 1925వ సంవత్సరములో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలసి రూపొందించినవాడు భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఫిస్కే, సుబ్బారావుల పద్ధతియని దానికి పేరు వచ్చినది.

ఎముక నిత్యము కూలుచు, నిత్యము కట్టబడుచుండును. పాత ఇంటి గోడలో బలహీనపడిన ఇటుకలను తీసివేసి, ఆ చోటనే క్రొత్త ఇటుకలను పేర్చునట్లు, శరీరము ప్రతి సంవత్సరము ఎముకలలో సుమారు పదియవ వంతును మార్చుకొనుచుండును. ఈ పనికి రెండు తెగల కణములు కలవు. పాత ఎముకను కరగించి తొలగించునవి భక్షక కణములు. ఇవి రక్తకణములకు చుట్టములు. క్రొత్త ఎముకను కట్టునవి నిర్మాణ కణములు. ఎముకలోపలనే చిక్కుకొని, పై బరువును గ్రహించి, ఎచ్చట కూల్చవలెనో, ఎచ్చట కట్టవలెనో సూచించు మూడవ తెగ కణములును కలవు. భక్షక కణములు ఒక చోట గుంటను త్రవ్వుటకు కొన్ని వారములు చాలును. ఆ గుంటను పూడ్చుటకు నిర్మాణ కణములకు నెలలు పట్టును. కూల్చుట సులభము, కట్టుట కష్టము అను లోకానుభవము ఎముకలకును వర్తించును.

నిర్మాణ కణములు చిరంజీవులు కావు. ఒక విడత పని ముగిసిన పిమ్మట వానిలో పెక్కు నశించును. వాని స్థానమున క్రొత్తవి రావలెను. అవి ఎచ్చటినుండి వచ్చును? ఈ ప్రశ్నయే మూలకణముల కథకు ఆరంభము.

మూలుగలోని విత్తనములు

శరీరములోని కణములలో అధిక భాగము ఒక్కొక్క పనికే కట్టుబడినవి. కండరపు కణము కండరముగనే యుండును. కాని కొన్ని కణములు ఇంకను ఏ వృత్తిలోను ప్రవేశింపని బాలురవంటివి. అవి విభజన చెంది తమవంటి కణములను నిలుపుకొనుచు, అవసరమైనపుడు ప్రత్యేక కణములుగా మారగలవు. వీనినే మూలకణములందురు. పెరిగిన మనుష్యుని దేహమునందు కూడ ఇవి అక్కడక్కడ మిగిలియుండును.

మాస్కో నగరమున పరిశోధన సాగించిన అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైన్ 1960వ దశకములో ఎముక మూలుగనుండి తీసిన కణములను జంతువు దేహమున వేరొక చోట నాటగా, అచ్చట క్రొత్త ఎముక మొలచినట్లు కనుగొనెను. 1970వ సంవత్సరములో ఆయనయు, సహచరులును గినీపందుల మూలుగను గాజు పాత్రలలో పెంచగా, అరుదైన కొన్ని కణములు పాత్ర అడుగున అంటుకొని, ఒక్కొక్కటి ఒక్కొక్క గుంపుగా వృద్ధి పొందెను. 1991వ సంవత్సరములో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్నాల్డ్ కాప్లన్ ఇట్టి కణములకు మెసెంకైమల్ మూలకణములను పేరు ప్రచారములోనికి తెచ్చెను. మానవ మూలుగనుండి తీసిన ఇట్టి కణములు ఎముకగను, మృదులాస్థిగను, క్రొవ్వుగను మారగలవని 1999వ సంవత్సరములో ప్రయోగశాలలో నిరూపింపబడినది.

అయితే పాత్రలో పెరుగు కణములన్నియు నిజమైన మూలకణములు కావని తరువాతి పరిశోధనలు తెలిపినవి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2015వ సంవత్సరములో ఎలుకలయందును, 2018వ సంవత్సరములో మానవులయందును ఎముకకు, మృదులాస్థికి మూలమైన అస్థి మూలకణములను వేరుచేసి గుర్తించిరి. ఇవి మూలుగలోనే గాక ఎముకపైనున్న పలుచని పొరలోను, ఎదిగెడు ఎముకల కొనలయందును కూడ ఉండును. ఎముక విరిగినపుడు మొదట మేల్కొనునవి ఈ విత్తనములే.

ముదిమి తెచ్చు మార్పులు

వయస్సు ఈ విత్తనములను పలు విధములుగా బాధించును. వానిలో నాలుగింటిని ఇచ్చట పేర్కొనవచ్చును.

మొదటిది, విభజనశక్తి తగ్గుట. మానవ కణములు పాత్రలో ఎల్లకాలము విభజన చెందజాలవని, ఒక హద్దు చేరినపిమ్మట ఆగిపోవునని 1961వ సంవత్సరములో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనువారు ప్రకటించిరి. 2003వ సంవత్సరములో డెన్మార్కు పరిశోధకులు యువకుల మూలుగనుండియు, 68 ఏండ్లు మొదలు 81 ఏండ్ల వరకు గల వృద్ధుల మూలుగనుండియు కణములను తీసి పెంచిచూచిరి. యువకుల కణములు సగటున 41 మారులు రెట్టింపుకాగా, వృద్ధుల కణములు 24 మారులు మాత్రమే రెట్టింపై ఆగిపోయినవి. మూలకణముల సంఖ్య విషయమున మాత్రము ఫలితములు ఒకే తీరున లేవు. వయస్సుతో అది తగ్గునని కొన్ని పరిశోధనలు తెలుపగా, మరికొన్నింట అంతటి భేదము కానరాలేదు. సంఖ్యకన్న శక్తి క్షీణించుటయే ముఖ్యమని పలువురి అభిప్రాయము.

రెండవది, దారి తప్పుట. మూలుగలోని కణమునకు రెండు దారులు ఎదురగును. ఒకటి ఎముకవైపు, రెండవది క్రొవ్వువైపు. రన్క్స్-2 అను జన్యువు ప్రేరణ హెచ్చినచో కణము ఎముకను కట్టునదగును. పీపార్-గామా అను జన్యువు ప్రేరణ హెచ్చినచో క్రొవ్వు కణమగును. బాల్యమున మూలుగ ఎఱ్ఱగానుండును. వయస్సు పెరిగినకొలది క్రొవ్వు చేరి పసుపుపచ్చనగును. వృద్ధుల ఎముకలలో సందులు పెరిగి, ఆ సందులలో క్రొవ్వు నిండుటకు ఈ దారి మార్పు ఒక కారణము.

మూడవది, ముదిసిన కణములు పోగుపడుట. విభజన ఆగిన కణములు కొన్ని నశింపక అచ్చటనే నిలిచి, వాపును కలిగించు రసాయనములను వెలువరించుచుండును. బుట్టలో క్రుళ్ళిన పండు ప్రక్క పండ్లను చెరచునట్లు, ఇవి తమ చుట్టునున్న మంచి కణములను కూడ చెరచును.

నాలుగవది, పైనుండి వచ్చు ఆజ్ఞలు మారుట. స్త్రీలయందు ఋతుక్రమము ఆగిపోవు కాలమున ఈస్ట్రోజెన్ అను హార్మోను మిక్కిలి తగ్గిపోవును. ఈ హార్మోను భక్షక కణములకు పగ్గమువంటిది. పగ్గము సడలగనే త్రవ్వకము హెచ్చును. ఋతుక్రమము ఆగిన పిమ్మట కొన్ని సంవత్సరములపాటు స్త్రీల ఎముకలు వేగముగా క్షీణించుటకు ఇదియే ప్రధాన కారణము. ఈ సంబంధమును 1940 ప్రాంతమున అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ ఎత్తిచూపెను. పురుషులయందు క్షీణత మెల్లగా వచ్చును గాని, రాకమానదు.

ఈ నాలుగును కలసినపుడు ఫలితము స్పష్టమే. భక్షక కణములు త్రవ్విన గుంటలను నిర్మాణ కణములు పూర్తిగా పూడ్చజాలవు. ప్రతి మారును కొంత లోటు మిగులును. ఇట్లు ఏండ్లు గడచినపిమ్మట ఎముక బయటికి యథాతథముగా కనబడుచునే లోపల గుల్లబారును. వైద్యులు దీనిని ఆస్టియోపొరోసిస్ అందురు. నొప్పి లేకుండ వచ్చుట దీని స్వభావము. మణికట్టు, వెన్నుపూస, తుంటి విరిగినపుడే పలువురకు ఇది మొదటిసారి తెలియవచ్చును.

అతుకు ఆలస్యమగుట ఏల?

విరిగిన ఎముక అతుకుట దశలవారిగా సాగును. మొదట విరిగిన చోట రక్తము గడ్డకట్టును. పిమ్మట మూలకణములు అచ్చట చేరి మృదులాస్థితో మెత్తని అతుకును ఏర్పరచును. తరువాత ఆ మెత్తని అతుకు గట్టి ఎముకగా మారును. చివరకు నెలల తరబడి కూల్చుచు, కట్టుచు శరీరము దానికి పూర్వరూపమును తెచ్చును. మూలకణములు మందగించినచో రెండవ దశయే ఆలస్యమగును. దాని వెనుక దశలన్నియు ఆలస్యమగును. అవ్వ విషయమున జరిగినది ఇదియే.

ఈ లోపమును సరిదిద్దవచ్చునా? 1965వ సంవత్సరములో మార్షల్ యూరిస్ట్ అను అమెరికా శస్త్రవైద్యుడు, లవణమును తొలగించిన ఎముక ముక్కను జంతువు కండరములో నాటగా, ఎముక లేని ఆ చోట క్రొత్త ఎముక ఏర్పడుట చూచెను. ఎముకలో దాగిన కొన్ని మాంసకృత్తులు కణములకు ఎముకను కట్టుమని ఆజ్ఞ ఇచ్చునని దీనివలన తేలినది. వానిలో ఒకటియగు బీఎంపీ-2 నేడు కొన్ని శస్త్రచికిత్సలలో ఉపయోగపడుచున్నది.

ఇటీవలి ప్రయోగములు ఆశను కలిగించుచునే జాగ్రత్తను కూడ బోధించుచున్నవి. 2015వ సంవత్సరములో ముసలి ఎలుకకును, పడుచు ఎలుకకును రక్తప్రసారమును కలిపిచూడగా, ముసలి ఎలుకలో విరిగిన ఎముక మెరుగుగా అతికెనని ఒక పరిశోధన తెలిపెను. 2021వ సంవత్సరములో స్టాన్‌ఫర్డు పరిశోధకులు ప్రకటించిన ఫలితము వేరుగానుండెను. పడుచు రక్తము ముసలి అస్థి మూలకణముల శక్తిని తిరిగి తేలేదని, లోపము ఆ కణములలోనే యున్నదని వారు తెలిపిరి. అంతియేగాక ఆ ముసలి మూలకణములు భక్షక కణములను ప్రోత్సహించు సీఎస్ఎఫ్-1 అను పదార్థమును అధికముగా పుట్టించుచున్నవని కనుగొనిరి. విరిగిన చోట బీఎంపీ-2ను చేర్చి, సీఎస్ఎఫ్-1ను నిరోధించినపుడు మాత్రము ముసలి ఎలుకల ఎముకలు పడుచు ఎలుకలలోవలె అతికినవి. ముదిసిన కణములను తొలగించు మందులు 2017వ సంవత్సరములో ఎలుకల ఎముకలకు మేలు చేసినవి. కాని 2024వ సంవత్సరములో ఫలితములు వెలువడిన ఒక పరీక్షలో, ఋతుక్రమము ఆగిన 60 మంది స్త్రీలయందు ఎముక కరగుట వానివలన తగ్గలేదు. ఎలుకకు నయమైనది మనుష్యునికి నయమగునని ముందుగా తలచరాదనుటకు ఇది నిదర్శనము.

మోసపోవలదు

మూలకణములను గూర్చి వార్తలు వ్యాపించినకొలది, వాని పేరుతో మోకాళ్ళ నొప్పులను, వెన్ను నొప్పులను, ముదిమిని సయితము పోగొట్టుదుమను ప్రకటనలును వ్యాపించినవి. ఇందుకై కొందరు భూములు తాకట్టు పెట్టుటయు కలదు. భారత వైద్య పరిశోధన మండలియు, జీవసాంకేతిక శాఖయు కలసి 2017వ సంవత్సరములో ప్రకటించిన జాతీయ మార్గదర్శక సూత్రములు ఈ విషయమును స్పష్టము చేసినవి. రక్త సంబంధమైన కొన్ని వ్యాధులకు మూలుగ మార్పిడి వంటి చికిత్స అంగీకృతమైనది. ఇతర రోగములకు మూలకణముల ప్రయోగము అనుమతి పొందిన పరిశోధనలలో మాత్రమే జరుగవలెను. అట్టి పరిశోధనలో పాల్గొను రోగి వద్ద చికిత్సకై ధనము వసూలు చేయుట తగదు. కావున ధనము కోరి మూలకణ చికిత్సతో ఎముకలకు యౌవనము తెత్తుమని చెప్పువారిని నమ్మరాదు.

నిరూపితమైన మందులు లేకపోలేదు. భక్షక కణములను అదుపుచేయు మందులు కొన్ని, నిర్మాణ కణములను ప్రోత్సహించు మందులు కొన్ని కలవు. 2002వ సంవత్సరములో అమెరికాలో అనుమతి పొందిన టెరిపారటైడ్ అను సూదిమందు ఈ రెండవ తెగకు చెందినది. ఎవరికి ఏది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. ఎముకల సాంద్రతను కొలుచు డెక్సా అను పరీక్ష నేడు పెద్ద ఆసుపత్రులలో లభించుచున్నది.

చేయవలసిన పనులు

మూలకణమునకు యౌవనము తెచ్చు మందు నేడు లేదు. కాని దాని పనికి తోడ్పడు సాధనములు ప్రతి ఇంటిలోను కలవు.

ఆహారము: పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము, ఋతుక్రమము ఆగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాములు అవసరమని హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020వ సంవత్సరములో నిర్ణయించినది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. నువ్వులలో ఇంతకు మూడింతలు కలదు. పాలు, పెరుగు, మజ్జిగ, ఆకుకూరలు, ముల్లుతో తిను చిన్న చేపలు మంచివి. కొల్లాజెన్ చట్రమునకు మాంసకృత్తులు కావలెను గనుక పప్పుదినుసులు, గ్రుడ్లు మరువరాదు. పండ్లు లేవని వృద్ధులకు గంజియు, చారన్నమును మాత్రమే పెట్టుట వారి ఎముకలకు అపకారము. రాగిజావ, మెత్తగా ఉడికిన పప్పు నమలనక్కరలేదు.

ఎండ: కాల్షియము ప్రేగులనుండి రక్తములోనికి చేరుటకు విటమిన్ డి అవసరము. చర్మము ఎండవలన దానిని తయారుచేసికొనును. ఎండ సమృద్ధిగానున్న మన దేశమునందు కూడ ఈ విటమిన్ లోపము విస్తారముగా కలదు. ముసలివారిని చీకటి గదిలో మంచమునకు పరిమితము చేయరాదు. లోపము తెలిసినచో వైద్యుని సలహాపై మందు వాడవలెను.

కదలిక: బరువు మోయు ఎముక బలపడును, మోయని ఎముక క్షీణించునని 1892వ సంవత్సరములో జర్మను వైద్యుడు జూలియస్ వోల్ఫ్ సిద్ధాంతీకరించెను. అంతరిక్షమున భారము తెలియని వ్యోమగాములకు తుంటి ఎముకలో నెలకు నూటికి ఒక పాలు, అంతకు మించియు తగ్గుటయే దీనికి సాక్ష్యము. శరీర భారము, కదలిక మూలుగలోని కణములను క్రొవ్వు దారినుండి ఎముక దారికి మళ్ళించునని జంతువులపై జరిగిన ప్రయోగములు తెలుపుచున్నవి. కావున నడక, మెట్లెక్కుట, కుర్చీనుండి పలుమార్లు లేచి కూర్చుండుట వృద్ధులకు మందుతో సమానము.

విడువవలసినవి: పొగాకు, మద్యము ఎముకలకు శత్రువులు. కీళ్ళ నొప్పులకు, ఆయాసమునకు వైద్యుని చీటి లేకుండ కొని, దీర్ఘకాలము మ్రింగు స్టెరాయిడ్ బిళ్ళలు ఎముకలను గుల్లచేయును. అయితే వైద్యుడు వ్రాసియిచ్చిన బిళ్ళలను ఆయనను అడుగక హఠాత్తుగా మానుటయు ప్రమాదకరమే.

పడకుండ చూచుట: స్నానపు గదిలోను, మరుగుదొడ్డిలోను పాచి లేకుండ కడిగి, గోడకు పట్టుకొను కడ్డీ అమర్చవలెను. రాత్రివేళ మంచము నుండి మరుగుదొడ్డి వరకు దీపముండవలెను. కంటి శుక్లములకు సకాలమున చికిత్స చేయింపవలెను.

పడినపుడు: పడిన వృద్ధులు కాలు కదల్పలేకున్నను, కాలు పొట్టియై పాదము వెలుపలికి తిరిగియున్నను తుంటి విరిగినదని అనుమానింపవలెను. దానిని పసరుకట్టుతో, తోమకముతో బాగుచేయ యత్నించుట కాలహరణమే. వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. సాధ్యమైనంతవరకు రెండు దినముల లోపల శస్త్రచికిత్స జరిగి, త్వరగా లేచి నడచుట ప్రాణరక్షకము. ఎత్తు తగ్గుట, వెన్ను వంగుట, చిన్న దెబ్బకే ఎముక విరుగుట కనబడినపుడు పరీక్ష చేయించుకొనవలెను. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకై భారత ప్రభుత్వము 2010–11లో ఆరంభించిన జాతీయ కార్యక్రమము క్రింద జిల్లా ఆసుపత్రులలో వృద్ధులకు ప్రత్యేక సేవలు ఏర్పాటు చేయబడినవి. వానిని వినియోగించుకొనుట ప్రజల హక్కు.

మరల ఆ అవ్వను, మనుమని తలచుకొందము. సుమారు ముప్పది ఏండ్ల వయస్సు వరకే మనుష్యుడు తన ఎముకల నిధిని కూడబెట్టును. ఆ పిమ్మట దానిని ఖర్చుపెట్టుచు జీవించును. గోలీలాడు ఆ బాలుడు నేడు త్రాగు పాలు, తిను రాగిముద్ద, ఎండలో పరుగెత్తు ప్రతి పరుగు అతని డెబ్బదియవ యేటికి దాచిన ధనము. అవ్వ నిధి తరిగిపోయినది గాని పూర్తిగా అడుగంటలేదు. ఆమె మూలుగలోని కణములు మందగించినవేగాని పని మానలేదు. నెలలు పట్టినను ఆమె ఎముక అతుకుట అందుకు సాక్ష్యము. ఒక గిన్నెడు జావ, ఉదయపు ఎండ, చేయి పట్టుకొని నడిపించు మనుమడు – వీనిలో ఏదియు ఖరీదైనది కాదు. ఇంటివారు వీనిని ఆమెకు సమకూర్చినచో, ఆ వృద్ధ కణములు కూడ తమ పనిని తాము చేయును.